నిలుపుతాం అన్న మాట

ముందు స్టాపుల్లో ఎక్కినవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. కొత్తగా ఎక్కినవాళ్ళకు ఈ కథ బస్సు ఎక్కడిదాకా వచ్చిందో చెప్పేస్తాను. ఇరవై రెండేళ్ళు బస్సు కండక్టరుగా చేసి, ఏడాది కిందట శాసనసభకు ఎన్నికైనదాన్ని నేను. సభలో ఇప్పటికీ అందరూ నన్ను కండక్టరమ్మ అనే పిలుస్తారు. నాకూ అదే బాగుంటుంది. మా వైపు నుంచి నగరానికి తెల్లవారుజామున నడిచే పన్నెండు బస్సులను తీసేయబోతున్నారని పుకారు పుట్టింది. రవాణా పద్దు మీద చర్చ జరుగుతుంటే లేచి, మా పార్టీ మంత్రిగారినే నిలదీశాను. పద్దు అంటే మరేం లేదు, ఒక శాఖ ఏడాది ఖర్చుకు సభ ఒప్పుకోవడం. మంత్రిగారు చిరునవ్వు చెదరకుండా లేచి, "గౌరవ సభ్యురాలు ప్రస్తావించిన ఆ పన్నెండు బస్సులనూ ఈ ప్రభుత్వం నిలుపుతుందని సభాముఖంగా మనవి చేస్తున్నాను" అన్నారు. ఆ ఆనందంలో నేను బల్ల చరిచిన చరుపుకు నా కళ్ళజోడు ఎగిరి ముందు వరుసలో పడింది. కిందటి భాగం అక్కడ ఆగింది.

మర్నాడు ఉదయం తొమ్మిదింటికి సభ్యుల గదిలో కూర్చుని బడ్జెట్ పుస్తకాలు తిరగేస్తున్నాను. మొత్తం పదకొండు సంపుటాలు. చాలామంది సభ్యుల విషయంలో అవి కారు డిక్కీలోంచి నేరుగా ఇంటి అటక మీదికి ఎక్కేస్తాయి. నాకు మాత్రం ఏ కాగితం కనిపించినా చదవందే తోచదు. టికెట్టు వెనక అచ్చేసే నిబంధనలను పూర్తిగా చదివిన కండక్టరు మా డిపోలో నేనొక్కదాన్నే. అందులోనూ పేజీల అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఉండే సూచనలంటే నాకు మరీ ఇష్టం. పెద్దమనుషులు పైకి అనలేనివన్నీ అక్కడ గొణుగుతారని నా అనుమానం.

అప్పుడు వచ్చారు పెన్సిలు మాస్టారు. సభలో ఎవరేమన్నా పొల్లు పోకుండా షార్ట్‌హ్యాండ్‌లో రాసుకునే రిపోర్టర్లలో ఆయనే పెద్ద. ముప్పై ఒక్కేళ్ళ సర్వీసు. చెవి మీద ఒకటి, జేబులో మూడు పెన్సిళ్ళు లేకుండా ఆయన్ను ఎవరూ చూసి ఉండరు. ముందురోజు మాట్లాడిందంతా టైపు చేయించి, ఎవరి ప్రసంగం వాళ్ళకు చూపించి, తప్పులుంటే దిద్దించుకుపోవడం ఆయన పని. మామూలుగా అయితే కాగితం బల్ల మీద పెట్టి వెళ్ళిపోతారు. ఆ రోజు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"అమ్మా, మిమ్మల్ని ఒక మాట అడగాలి. ఇన్నేళ్ళలో ఏ సభ్యుణ్ణీ అడగలేదు. అడగడం మా పని కాదు కూడాను."

"అడగండి మాస్టారూ. చిల్లర మాత్రం అడక్కండి."

ఆయన నవ్వలేదు. జేబులోంచి రెండు చిన్న చిట్టీలు తీసి నా ముందు పక్కపక్కన పెట్టారు.

"సభలో అన్న ప్రతి విషయానికీ సూచికలో ఒక చిట్టీ రాసి డబ్బాలో వెయ్యాలమ్మా. రేపు ఎవరైనా వెతుక్కుంటే దొరకాలి కదా. బస్సుల సంగతికి మాకు రెండే డబ్బాలు. కొనసాగింపు అని ఒకటి, రద్దు అని ఒకటి. నిన్న మంత్రిగారు అన్నది దేంట్లో వెయ్యమంటారు?"

"అదేం ప్రశ్న మాస్టారూ? నిలుపుతాం అన్నారు కదా. ఉంచుతామనేగా."

"నేనూ అలాగే అనుకుని రాసేసి ఇంటికెళ్ళాను. భోంచేస్తుంటే మా ఆవిడ అంది, రేపు మన వీధికి నీటి సరఫరా నిలుపుతారట, బిందెలు నింపి పెట్టుకోవాలి అని. ఇంక నాకు ముద్ద దిగలేదు."

ఒక్క క్షణం ఆయన ఏమంటున్నారో నాకు బోధపడలేదు. బోధపడ్డాక చేతిలో ఉన్న సంపుటం మూసేశాను. డాక్టరు ప్రాణం నిలుపుతాడు. కొడుకు తండ్రి పరువు నిలుపుతాడు. డ్రైవరు బండి నిలుపుతాడు. ఆఫీసు జీతం నిలుపుతుంది. బతికించడానికీ అదే మాట, ఆపేయడానికీ అదే మాట. పైగా అది ఇరవై రెండేళ్ళు రోజుకు రెండొందలసార్లు నా నోటితో నేనే అన్న మాట. దాని రెండో అర్థం నాకు తట్టకపోవడమేమిటి? పప్పులో కాలేశానని తెలిసింది గానీ, పప్పు ఎంత లోతుందో ఇంకా తెలియలేదు.

"మంత్రిగారి దగ్గర్నుంచి దిద్దిన కాగితం వచ్చిందా?" అన్నాను.

"వచ్చింది. నా భయం అదేనమ్మా. లాయరుగా చేసిన మనిషి, పేజీకి పది చోట్ల దిద్దుతారు. కామా ఒకటి ఎక్కువైనా కొట్టేస్తారు. ఈసారి వెళ్ళిన కాగితం వెళ్ళినట్టే వచ్చింది. ఒక్క గీత లేదు."

"అంటే ఆ మాట అలాగే ఉండాలని ఆయన కోరిక."

"అంటే ఏమిటో నేను చెప్పకూడదు. విన్నది రాసేవాణ్ణి." ఆయన చిట్టీలు మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. "నాలుగింటికి రవాణా పద్దు ఓటుకొస్తుంది. సభ ముగిశాక సూచిక స్పీకర్ గారికి చూపించాలి. ఆయన సంగతి తెలుసుగా. ఒకప్పటి భాషా పండితులు, దీర్ఘం తప్పినా ఊరుకోరు. ఏ డబ్బాలో వేసినా, ఎందుకు వేశావని నన్నే అడుగుతారు."

ఆయన అటు వెళ్ళగానే ఫోను మోగింది. మా వదిన. మా ఆయనకు అక్క. నన్ను రాజకీయాల్లోకి తోసింది ఆవిడే. ఇరవై రెండేళ్ళు జనాన్ని జరగండి జరగండి అన్నావు, ఇప్పుడు నువ్వు ముందుకు జరుగు అని మెడపట్టి నామినేషను వేయించింది. ఆవిడకు రెండు కిడ్నీలూ మొరాయించి ఏడాదిన్నర అయింది. వారానికి మూడు రోజులు డయాలసిస్. ఏడింటికల్లా ఆస్పత్రిలో మిషను దగ్గర ఉండాలి, లేకపోతే వంతు పోతుంది. మా వైపు నుంచి ఆ వేళకు ఆస్పత్రికి చేర్చేవి ఆ పన్నెండు బస్సులే. ఐదూ పదికి బయల్దేరే మొదటి బస్సు ఆవిడది. కారు పెడతానంటే, నాతోపాటు ఆ మిషన్లెక్కేవాళ్ళు పద్నాలుగుమంది, నీ కార్లో పద్నాలుగుమంది పడతారా అని నా నోరు మూయించింది.

"ఏమ్మా మరదలా, ఇవాళ బస్సంతా నీ భజనే! డ్రైవరైతే నీ పేరు చెప్పి రెండుసార్లు హారన్ కొట్టాడు."

"ఊఁ" అన్నాను.

"ఇంకో సంగతి విన్నావా? ఆస్పత్రివాళ్ళు మా పద్నాలుగుమందికీ వెనక వసతి గృహంలో మంచాలిస్తామన్నారు చూడు, బస్సులు పోతే ఇబ్బందని. నిన్న నీ కబురు విన్నాం కదా, ఇవాళ బస్సు దిగగానే అందరం వద్దని సంతకాలు పెట్టేశాం. మన ఇల్లు వదిలి ఆ మందుల వాసనలో ఎవరుంటారే? ఆ మంచాలు వెంటనే వేరేవాళ్ళకు రాసిచ్చేశారు కూడా."

నాలుక కరుచుకున్నాను. నిజంగానే కరుచుకున్నాను, నొప్పెట్టింది.

"ఏంటలా నసుగుతున్నావు?"

"ఏం లేదు వదినా. టీ కాలింది."

నా ముందు టీ లేదు. ఇరవై రెండేళ్ళు ఎంత రద్దీలోనూ ఎవరికీ తప్పు స్టాపు చెప్పనిదాన్ని. వదినతో సహా పద్నాలుగుమందిని నేనే తప్పు స్టాపులో దించేశాను. భయమేసింది నాకు. ఎన్నికల లెక్కింపు నాడు కూడా అంత భయపడలేదు.

మధ్యాహ్నం విరామంలో మంత్రిగారి గదికి వెళ్ళాను. గుమ్మం ముందు ఆయన కార్యదర్శి లేచి ఏదో అనబోయాడు. కండక్టరుకు తలుపు దగ్గర ఎవరు అడ్డొస్తారు, దాటుకుని లోపలికెళ్ళిపోయాను. మంత్రిగారు ఒక్కరే కూర్చుని నారింజపండు ఒలుస్తున్నారు. తొక్క తెగకుండా ఒకే పట్టీగా తీయడం ఆయనకు సరదా.

"రండి కండక్టరమ్మా, రండి. ఒక తొన తీసుకోండి."

"ఒక మాటకి అర్థం చెప్పండి, వెళ్ళిపోతాను. నిలుపుతాం అంటే ఏమిటండీ?"

ఆయన చేతులు తొక్క దగ్గర ఆగాయి. తర్వాత నవ్వారు. దొరికిపోయినవాడి నవ్వు కాదు. తను కట్టిన పొడుపుకథను ఎవరో విప్పినందుకు ముచ్చటపడే నవ్వు.

"ఎవరు చెప్పారు మీకు?"

"కుళాయి చెప్పింది."

ఆయనకు అర్థం కాలేదు, నేనూ విడమర్చలేదు. తలుపు వేసి ఉందో లేదో చూసుకుని గొంతు తగ్గించారు.

"మీకు అబద్ధం చెప్పను చెల్లెమ్మా. ఆర్థిక మంత్రిగారు ఆ బస్సులు తీసెయ్యమన్నారు. మీరేమో ఉంచమన్నారు. ఆయన్ను కాదంటే నా శాఖ ఎండిపోతుంది. మిమ్మల్ని కాదంటే సభలో మీరు ఊరుకోరు. రెండు రోజులు బుర్ర బద్దలు కొట్టుకుని ఒక్క మాట పట్టుకున్నాను. నిన్న మీరు గమనించారో లేదో, మీరు బల్ల చరిచినప్పుడే ఆర్థిక మంత్రిగారూ చరిచారు. ఒకే మాటకి ఇద్దరూ! నా జన్మలో అంత బాగా ఎప్పుడూ మాట్లాడలేదు."

అరికాలి మంట నెత్తికెక్కింది. నోటికొచ్చింది అనేయాలనిపించింది. కానీ నా పుట్టుకలోనే ఒక జబ్బుంది, కోపం వెనకే సందేహం తన్నుకొస్తుంది. అసలు ఏం చూసి తీసేస్తున్నారు ఇవి?

అదే అడిగాను. ఆయన సొరుగులోంచి ఒక కాగితం తీసి ఇటు తిప్పారు.

"ఖాళీ బస్సులమ్మా. మీరే చూడండి. యాభై సీట్లకు ఆరుగురు, ఏడుగురు, నలుగురు. ఒక నెల రోజులు వరసగా తనిఖీ చేశారు. ఐదూ పది బస్సులో ఒక రోజైతే ఒక్కడే ప్రయాణికుడు."

కాగితం పైనుంచి కిందికి చదివాను. తర్వాత అలవాటు ప్రకారం అడుగున ఉన్న చిన్నక్షరాలు చదివాను. చదివి నవ్వాను. ఆ పరిస్థితిలో నవ్వు ఎలా వచ్చిందో గానీ, గట్టిగానే వచ్చింది.

"ఈ లెక్క చివరి స్టాపులో తీశారండీ."

"అవును. తనిఖీవాళ్ళ గది అక్కడే కదా. అయితే?"

"ఆస్పత్రి చివరి స్టాపుకి రెండు స్టాపుల ముందుంది. బస్సు మొత్తం అక్కడే దిగిపోతుంది. రోగులు, నర్సులు, ఊడ్చేవాళ్ళు, క్యారేజీలు పట్టుకెళ్ళే బంధువులు. మూడో స్టాపు దాటాక ఆ బస్సులో నేను టికెట్లు కొట్టాలంటే ఒంటికాలి మీద నడవాల్సొచ్చేది. మీ తనిఖీవాళ్ళు విందు అయిపోయాక వచ్చి, విస్తళ్ళు ఖాళీగా ఉన్నాయి, ఎవరూ తినలేదు అని రాసుకెళ్ళారు."

మంత్రిగారు తొన నోటిదాకా తీసుకెళ్ళి మళ్ళీ కింద పెట్టేశారు. మొదటిసారి ఆయన మొహంలో నవ్వు పోయింది.

"ఇది నాకెవరూ చెప్పలేదు."

"మీరు ఎవర్నీ అడగలేదు."

చాలాసేపు తొక్కను చుట్టచుట్టి విప్పుతూ కూర్చున్నారు. తర్వాత లాయరు గొంతుతో మొదలుపెట్టారు. "ఇది చర్చలో చెప్పాల్సిన మాటమ్మా. చర్చ నిన్నటితో సరి. ఇవాళ అవునా కాదా, అంతే. పద్దు ఆమోదమైతే దాంతోపాటు తీసేసే బస్సుల జాబితా ఖాయమైపోతుంది. పార్టీ విప్ ఇచ్చింది కాబట్టి మీరు కాదన్నారంటే మీ సభ్యత్వం ఊడుతుంది. నోరు మూసుకుంటే అవునన్నట్టే. నేనైనా అంతే, స్పీకర్ గారు లేపి అడిగితే తప్ప ఈ దశలో నా అంతట నేను నోరు విప్పడానికి లేదు."

ఆ చివరి మాట ఆయన యథాలాపంగా అన్నారో, కావాలనే నా చెవిన వేశారో ఇప్పటికీ నాకు తెలియదు. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి, "తొన తీసుకోలేదు మీరు" అన్నారు.

నాలుగింటికి సభ నిండిపోయింది. రోజంతా కనిపించని సభ్యులు కూడా ఓటు వేళకు వచ్చి కూర్చున్నారు. మా దగ్గర పద్దులన్నీ మూజువాణి ఓటుతోనే తేలిపోతాయి. చేతులెత్తడాలు, లెక్కపెట్టడాలు ఉండవు. అవును అని ఒక అరుపు, కాదు అని ఒక అరుపు. ఏది పెద్దగా వినిపిస్తే అది నెగ్గినట్టు. కోట్లమంది బతుకులు ఇలా గొంతు సైజును బట్టి తేలడం చూసి కొత్తలో నేను ముక్కున వేలేసుకున్నాను. పశుసంవర్ధకం నలభై సెకన్లలో అయింది. మత్స్యశాఖ ఇంకా తొందరగా అయింది. నా పక్కనున్న సభ్యుడు సగం నిద్రలోనే రెండింటికీ అవునన్నాడు.

"రవాణా పద్దు" అన్నారు స్పీకర్ గారు. "అనుకూలంగా ఉన్నవారు అవును అనండి."

"అవును!"

చుట్టూ గొంతులన్నీ లేచాయి. నా నోరు పెగల్లేదు. ఆర్థిక మంత్రిగారు వెనక్కి తిరిగి వరసల్ని ఒక చూపు చూసి, నా దగ్గర ఒక్క క్షణం ఆగి మళ్ళీ ముందుకు తిరిగారు. నాకు ఐదూ పది బస్సు కనిపిస్తోంది. కిటికీ పక్క సీట్లో, ఫైలు ఒళ్ళో పెట్టుకున్న వదిన కనిపిస్తోంది.

"వ్యతిరేకంగా ఉన్నవారు కాదు అనండి."

"కాదు!" ప్రతిపక్షం అరిచింది. వాళ్ళు తక్కువమంది. అయినా పాపం గట్టిగానే అరిచారు.

"అవునన్నవారే అధికం. కనుక రవాణా పద్దు ఆమో..."

నాతో పదమూడేళ్ళు బస్సు నడిపిన ముసలి డ్రైవరు ఒకాయన ఉండేవాడు. ఉద్యోగంలో చేరిన మొదటి రోజే నాకు చెప్పాడు. "అమ్మాయ్, నువ్వు ఆపు అంటే బ్రేకు తొక్కుతాను, మళ్ళీ పోనిస్తాను. నిలుపు అన్నావనుకో, ఎక్కాల్సినవాళ్ళు చివరి మనిషిదాకా ఎక్కితే గానీ నా బండి కదలదు." ఆ రోజు నుంచి, ఎవరైనా పరిగెత్తుకుంటూ వస్తుంటే చాలు, నా చెయ్యి పైనున్న గంట తాడు మీదికీ, ఆ మాట నా నోటికీ వాటంతట అవే వచ్చేవి.

అలాగే వచ్చాయి. నా కుడిచెయ్యి తల మీదికి లేచి, సభా మందిరంలో లేని తాడును లాగింది.

"నిలుపు!"

ఐదు బస్సుల అవతలికి వినిపించే గొంతు నాది. మైకు అవసరం పడలేదు. పక్కనున్న సభ్యుడు ఉలిక్కిపడి, ఏ శాఖో చూసుకోకుండా "అవును!" అన్నాడు. సభంతా గొల్లుమంది. వెనక నుంచి ఎవరో "రైట్ రైట్!" అని అరిచారు.

స్పీకర్ గారు నవ్వలేదు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఓటింగు మధ్యలో మాట్లాడకూడదని సభ్యురాలికి తెలుసు. అయినా రికార్డులోకి ఎక్కిన మాట కాబట్టి అడుగుతున్నాను. ఏమన్నారు మీరు?"

"నిలుపు అన్నాను అధ్యక్షా."

"నిలపడమంటే?" పాత పండితుడు కుర్చీలో ముందుకు జరిగారు. మాట ఒకటి దొరికితే ఆయన ఇక వదలరు. "ఆ క్రియకు రెండర్థాలున్నాయి. ఉంచడం ఒకటి, ఆపడం ఒకటి. పద్దును ఉంచమంటే అది మీ అవును కింద లెక్క. ఆపమంటే కాదు కింద లెక్క, దానికి మీ పార్టీవారు ఏం చేస్తారో మీకు తెలుసు. స్పష్టంగా చెప్పండి. ఏ అర్థంలో అన్నారు?"

ముందు బల్ల పట్టుకున్నాను. నా సీటు పోతే పోనీ అనుకునేంత ధైర్యం నాకు లేదు, ఉందని కోతలు కొయ్యను. కానీ నోరు తెరిస్తే మాటలు వరసలో వచ్చాయి.

"అధ్యక్షా, నాకూ అదే సందేహం. ఈ మాట నేను పుట్టించింది కాదు. నిన్న పన్నెండు బస్సుల గురించి రవాణా మంత్రిగారు ఈ సభలో ఇదే మాట అన్నారు. అప్పుడు నేనూ బల్ల చరిచాను, ఆర్థిక మంత్రిగారూ బల్ల చరిచారు. ఆయన నిలుపుతాం అన్నది ఏ అర్థంలోనో, నేను ఇవాళ నిలుపు అన్నది సరిగ్గా అదే అర్థంలో. బస్సులు ఉంచుతామనే ఆయన అర్థమైతే, నేను ఈ పద్దును సంతోషంగా ఉంచమంటున్నాను. ఆపేస్తామని అర్థమైతే..."

ఆపైన అనలేదు. అనాల్సిన పని లేకపోయింది. స్పీకర్ గారు మెల్లగా తల తిప్పారు.

"రవాణా మంత్రిగారు లేచి చెప్పాలి."

ఆర్థిక మంత్రిగారి చెయ్యి పక్క సీటు వైపు వెళ్ళి మంత్రిగారి మోచెయ్యి పట్టుకుంది. కింద బల్ల దగ్గర పెన్సిలు మాస్టారు రెండు చిట్టీలూ ముందు పరుచుకుని ఉన్నారు. ఎప్పుడూ కాగితం మీంచి చూపు తిప్పని మనిషి, తలెత్తి మంత్రిగారి మొహంలోకి చూశారు.

మంత్రిగారు ఆ చేతిని మెల్లగా విడిపించుకుని లేచారు. ఆర్థిక మంత్రి వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూశారు.

"అధ్యక్షా," అన్నారు, "నిన్న నేను నిలుపుతాం అన్నది..."